కీమో వార్డులో పులులు

ఈమధ్య నర్సింగ్ చదివే అమ్మాయిలు కొందరు మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి మేడమ్ అన్నారు. ప్రాణం మీదికొచ్చిన రోగిని నేనొక్కదాన్నే గట్టెక్కించిన వైనమేదో వినబోతున్నామనుకుని బుద్ధిగా కూర్చున్నారు పాపం. నేను పులుల సంగతి చెప్పాను. ఒకమ్మాయికి టీ పొలమారింది. ఇంకో అమ్మాయి ఇదంతా నిజంగా జరిగిందా అని పదేపదే అడిగింది. జరిగింది తల్లీ, అందుకే మీలాంటి వాళ్ళ కోసం రాసి పెడుతున్నాను.

ఆసుపత్రి పేరు చెప్పను. మనుషుల పేర్లూ చెప్పను. మా శ్రీకాకుళం, విజయనగరం ఎంతని, ఏ బస్సెక్కినా ఎవరో ఒకరు "సిస్టరమ్మా" అని పలకరిస్తూనే ఉంటారు.

ముందుగా నా నోటి గురించి చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. నాకు కోపం ముక్కు మీద ఉండేది. వరండాలో నా చెప్పుల చప్పుడు వినబడితే స్టాండుకు వేలాడే సెలైన్ కూడా బుద్ధిగా కారుతుందని జూనియర్లు చెప్పుకునేవారు. నాకు తెలియదనుకునేవారు. నాకు అన్నీ తెలుసు.

సర్వీసు చివరి ఏళ్ళలో నన్ను కీమో వార్డుకి వేశారు. రోగులు పొద్దున్నే వచ్చి సూది పెట్టించుకుంటారు. చుక్క చుక్కగా దిగే మందుకేసి చూస్తూ కూర్చుంటారు. సాయంత్రం ఇంటికి పోతారు. ఆ మధ్యలో చేసే పనంటూ ఏమీ ఉండదు. పనిలేని చోట దిగులు వచ్చి కూర్చుంటుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ఒక టీవీ ఉండేది గానీ దాని రిమోట్ ఎవరి ఇంట్లో ఉందో ఆ దేవుడికే తెలియాలి.

ఇలా ఉండగా మా సూపరింటెండెంట్ మేడమ్ ఎక్కడో శిక్షణకు వెళ్ళొచ్చారు. బొమ్మలు వేయిస్తే కాన్సర్ రోగులకు మనసు తేలికపడుతుందని అక్కడ చెప్పారట. వారం తిరక్కుండా మా వార్డుకి ఒక అట్టపెట్టె వచ్చింది. నిండా మైనపు రంగులు, గీతలు గీసి రంగులు వేసుకోవడానికి ఉంచిన బొమ్మల పుస్తకాలు. అందులో పూలకుండీలు, సీతాకోకచిలుకలు, టోపీ పెట్టుకున్న ఒక కుందేలు.

మొదటి రోజు అందరికీ పంచాను. కోటబొమ్మాలి నుంచి వచ్చే ఒక రైతు, జీవితమంతా వరి తప్ప ఇంకోటి ముట్టనివాడు, కుందేలుకేసి చూసి "ఇది పరీచ్చేటమ్మా? తప్పితే మందెక్కించరా?" అన్నాడు. మా వార్డులో ఒక సంగీతం మాస్టారు ఉండేవారు. గుళ్ళో పాడే వంశం, రిటైరైన టీచరు. ఆయన తన పుస్తకం పక్కన పెట్టి మిగతావాళ్ళ తప్పులు దిద్దడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి పుస్తకాలన్నీ బీరువాలోకి పోయాయి. మేడమ్ అడిగితే బ్రహ్మాండంగా వేస్తున్నారండీ అన్నాను. అవును, అబద్ధమే.

అప్పుడు మా వార్డుకి పులి మావ వచ్చాడు.

రాజాం దగ్గర పల్లెటూరు ఆయనది. దసరాకీ, ఊళ్ళల్లో అమ్మవారి పండగలకీ పులి వేషం కట్టేవాళ్ళ ఒంటికి రంగులు వేయడం ఆయన పని. వేషం కట్టేవాడు వేరు, రంగులు వేసేవాడు వేరు. పులి బాగుందంటే పేరు ఆడినవాడికి వస్తుంది, బాగోలేదంటే తిట్లు ఈయనకి వస్తాయి. మందుకి జుట్టు మొత్తం రాలిపోయి, తల బుడితి ఇత్తడి చెంబులా మెరుస్తూ ఉండేది. వచ్చిన మొదటి రోజే వార్డులో అందరినీ వరసలు కలిపి పిలిచేశాడు. నన్ను మాత్రం ధైర్యం చాలక సిస్టరమ్మా అన్నాడు.

ఆయనకి మైనపు రంగులు ఇస్తే పటుక్కున విరిగిపోయాయి. సరేనని సెలైన్ సీసాలు వచ్చే అట్టపెట్టెలు విప్పి పరిచి ఇచ్చాను. రంగులు ఇంటి నుంచి తెచ్చుకుంటానన్నాడు. వాళ్ళు ఒంటికి పూసేది నూనె రంగు. ఆ వాసనకే మా రోగులకు వాంతులవుతాయి. అందుకని వంటింటి రంగులైతేనే తెమ్మన్నాను. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, కాటుక తెచ్చాడు. అట్ట మీద ఒక పులిని వేశాడు. నేను పని ఆపి చూస్తూ నిలబడ్డాను. ఆయన మాత్రం పెదవి విరిచాడు.

"ఇది పిల్లి సిస్టరమ్మా. అట్ట ఊపిరి తియ్యదు గదా. పులంటే డొక్క ఎగిసెగిసి పడాల. మనిసి మీద ఏస్తే గానీ నా సెయ్యి ఆడదు."

"నా వార్డులో మనుషుల మీద రంగు పడిందంటే ఆ చెయ్యే లేకుండా చేస్తాను," అన్నాను. ఊరికే అనలేదు. కీమో ఒళ్ళు చిన్నపిల్లల ఒళ్ళులాంటిది. గోరు గీసుకున్నా చీము పడుతుంది. అందరూ వినేలా ఇంకోసారి చెప్పాను. అందరూ తలలూపారు.

ఇక మా వార్డులోనే ఇంకో రోగి, సావుకారమ్మ సంగతి. నరసన్నపేటలో ఆమెకి, ఆమె భర్తకి పెద్ద కిరాణా కొట్టు. కొట్టు ఆయనదే అయినా బేరం ఆమెది. గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ ఇంటిగోత్రాలన్నీ అడిగి, నవ్వించి, తిట్టి, అడగని సరుకు కూడా అంటగట్టి పంపే మనిషి. ఈ మాట ఆయన చెబితే నేను నమ్మలేదు. ఎందుకంటే మా వార్డులో ఆమె నోరు విప్పగా నేను చూడలేదు. జుట్టు రాలినప్పటి నుంచి తలకి చున్నీ బిగించి, చివరి కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చునేది. ఇంట్లో అద్దాలు తీయించేసిందట. కొట్లో ముందుకి రావడం మానేసి వెనక బస్తాల మధ్య కూర్చుంటోందట.

మందు బాగా పనిచేస్తోంది. గడ్డ కరుగుతోందని స్కానింగ్‌లో తేలింది. సగం కోర్సు అయింది, సగం మిగిలింది. ఇప్పుడు ఆపితే అది తిరిగొస్తుంది, వస్తే ఈసారి లొంగదు. ఈ మాట ఆమెకి డాక్టరు చెప్పారు, నేను చెప్పాను, తిట్టి చెప్పాను, బతిమాలి చెప్పాను. ఆమె గోడకేసి చూస్తూ వినేది.

ఒకరోజు పొద్దున్నే ఆమె భర్త నన్ను వరండాలో పక్కకి పిలిచాడు. మెత్తని మనిషి. చేతిలో ఆమె ఫైలు, ఒక గుడ్డ సంచి.

"ఇంక మందొద్దంట సిస్టరమ్మా. ఈయేల్టిది కూడా ఎక్కించుకోదంట. సెప్పకండా మానేస్తే మర్యాద కాదని, డాట్రుబాబుకి నోటితో సెప్పడానికి వొచ్చింది. మీకని కొట్లోంచి పసుపు కట్టించింది. ఎలిపోయేముందు ఇస్తాదంట."

లోపలికి వెళ్ళి, ఆమె ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఎందుకమ్మా అన్నాను, తిట్టకుండానే. ఆమె గోడకేసి చూస్తూనే జవాబు చెప్పింది.

"కొట్లో కూకోలేనిదాన్ని, బతికి ఏటి సెయ్యాలి సిస్టరమ్మా?"

దానికి నా దగ్గర మందు లేదు. డాక్టరు రావడానికి ఇంకా టైముంది. ఆయన వచ్చేదాకా ఉండమని చెప్పి, మిగతావాళ్ళకి మందుకి ముందు ఎక్కించే సెలైన్ పెట్టి, ఆ రోజు మందులు తెచ్చుకోవడానికి ఫార్మసీకి వెళ్ళాను. ఆ ఫార్మసీ కిటికీ దగ్గర క్యూ ఎలా ఉంటుందో ఉద్యోగంలో చేరాక మీకే తెలుస్తుంది. నేను లేనప్పుడు జరిగింది నాకు తరవాత వార్డులో ఉన్న మా జూనియరమ్మాయి కొంత, పులి మావ కొంత చెప్పారు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు తోసుకున్న చోట్ల వదిలేసి మిగతాది చెబుతున్నాను.

పులి మావ అట్ట ముందు పసుపు కలుపుకుంటున్నాడట. గోడవైపు నుంచి గొంతు వచ్చింది.

"ఆ పసుపెక్కడ కొన్నావు?"

వార్డంతా తల తిప్పిందట. సావుకారమ్మ అందరికీ వినబడేలా మాట్లాడటం అదే మొదలు.

"మా ఊరి కొట్లోనమ్మా," అన్నాడు పులి మావ.

"అది పసుపు కాదు. ఎవుడో పిండి కలిపీసినాడు. పులి రంగు అలగుంటాదా? సలిజొరం వొచ్చినట్టున్నాది నీ పులికి."

పులి మావకి రోషం వచ్చింది. "తమరి కొట్లోది అంత మంచిదైతే సూపించండి మరి."

బేరం చేసే మనిషిని అలా అంటే ఊరుకుంటుందా. నాకని తెచ్చిన పొట్లం, సెలవు తీసుకుంటూ ఇవ్వాలని తెచ్చిన పొట్లం, అక్కడికక్కడే విప్పేసింది. కుర్చీ ఇటు తిప్పింది. పులి మావ కొబ్బరినూనె పోస్తే అరచేతిలో వేసుకుని తనే రంగరించింది. రంగు చూసి పులి మావ రెండు చేతులూ జోడించాడట. కానీ నూనె కలిసిన రంగు అట్ట మీద నిలవలేదు, జారిపోయింది. రంగు తేలాలంటే ఎక్కడో ఒకచోట పూసి చూడాలి. ఎదురుగా బుడితి చెంబు మెరుస్తోంది.

"వొంచు తల," అందట సావుకారమ్మ.

పులి మావ వంచాడు. ఆమె పూసింది. ఆయన చిన్న అద్దం పట్టుకుని, ఇక్కడ సార, అక్కడ సార అని చెబుతుంటే కాటుకతో చారలు గీసింది. బోడి తల మీద పులి లేచింది. ఆయన కనుబొమలు ఎగరేస్తే పులి నుదురు ముడిపడింది, దవడ ఆడిస్తే పులి చెవులు కదిలాయి. ఆమె ఫక్కున నవ్విందట. ఆ నవ్వు వరండాలో ఉన్న భర్తకి వినబడి, వేరే ఎవరో అనుకున్నాడట.

ఇక ఆగుతారా. కోటబొమ్మాలి రైతు తన తల ముందుకి పెట్టేశాడు. సంగీతం మాస్టారు "నాకు మరీ ముదురు రంగు వద్దు" అంటూనే కుర్చీ జరుపుకున్నారు. తన తల అయ్యాక టిఫిన్ క్యారియర్ మూత మీద పులి వేషం దరువు అందుకున్నారు. జీవితమంతా కీర్తనలు పాడిన మనిషి. సూది ఉన్న చేతికి రంగు అంటకుండా చూసుకున్నామని జూనియరమ్మాయి నాకు ఒట్టు పెట్టి చెప్పింది. తన అరచేతిలో ఒక పులి పిల్లని వేయించుకున్న సంగతి మాత్రం చెప్పలేదు.

అందరిదీ అయ్యాక పులి మావ మెల్లగా అన్నాడట, "ఇంక తమరే మిగిలిపోయినారు."

సావుకారమ్మ తన కుర్చీ చుట్టూ తెర లాగించుకుంది. పులి మావ కాటుక భరిణె పట్టుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె బయటికి వచ్చేసరికి చున్నీ ఎప్పటిలాగే తలకి బిగించి ఉంది.

అప్పుడే వరండాలో చెప్పుల చప్పుడు వినబడింది. నేనే వస్తున్నాననుకున్నారు మహానుభావులు. గోల గోలగా తువ్వాళ్ళు, దుప్పట్లు కనుబొమల దాకా లాక్కున్నారు. ముఖాల మీద కారిన పసుపు చేతులతో తుడిచేశారు. తుడిస్తే పోతుందా పసుపు, ముఖమంతా పాకింది. దరువు ఆగింది.

వచ్చింది నేను కాదు, డాక్టరు. కొత్తగా చేరిన కుర్రాడు, చాలా శ్రద్ధ గలవాడు. వార్డులో అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. అందరి ముఖాలూ పచ్చగా ఉన్నాయి. అరచేతులు చూశాడు, ఇంకా పచ్చగా ఉన్నాయి.

"ఎప్పటి నుంచి ఇలా?" అని పులి మావని అడిగాడు.

మనుషుల మీద రంగు పడిందంటే నేనేం చేస్తానన్నానో పులి మావకి గుర్తుంది. "నిన్నటి నుంచి బాబూ," అన్నాడు.

"చలిగా ఉందా?"

"సలే బాబూ. శానా సలి."

"ఆకలి?"

"లేదు బాబూ," అన్నాడు రైతు, ఇడ్లీ గిన్నె మీద మూత పెడుతూ.

మాస్టారు ఒక్కరైనా నిజం చెబుతారనుకుంటాం కదా. ఆయన కళ్ళు మూసుకుని "నీరసం" అన్నారు. డాక్టరు జూనియరమ్మాయి చెయ్యి తిప్పి చూశాడు. ఆ అమ్మాయి అప్పటికే తుడిచేసుకుంది, పులి పిల్ల పోయి పచ్చదనం మిగిలింది. "మీక్కూడానా సిస్టర్?" అన్నాడు. "పొద్దున్నుంచే సార్" అంది ఆ పిచ్చిపిల్ల. డాక్టరు తన అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. కంగారులో ఎవరి కళ్ళూ చూడకుండానే ఫోన్ తీశాడు.

"మేడమ్, కీమో వార్డులో అందరికీ ఒకేసారి కామెర్లు. స్టాఫ్‌కి కూడా వచ్చింది."

నేను మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చేసరికి ఆయన డ్రిప్పులన్నీ ఆపించేసి, రక్తపరీక్షలు రాసేసి, చివరి కుర్చీ దగ్గర నిలబడి ఉన్నాడు. తువ్వాలు కింద నుంచి పులి మావ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. డాక్టరు సావుకారమ్మతో మర్యాదగానే చెబుతున్నాడు.

"మీకు ఈ రోజు మందు లేదమ్మా. లివర్ సంగతి తేలేదాకా ఆపాలి. కొన్ని వారాలు పట్టొచ్చు. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

ఆమె కోరుకుని వచ్చింది అదే కదా. తను నోరు తెరిచి అడిగే పని కూడా తప్పింది. సరే బాబూ అని ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. ట్రాలీ వదిలేసి ముందుకి రాబోయాను. ఆమె లేచి నిలబడింది.

"ఆపడానికి నువ్వెవురు బాబూ?"

"అది కాదమ్మా, మీ మంచికే..."

"నా మందు నాను వొద్దనుకుంటాను, కావాలనుకుంటాను. ఇందాకటిదాకా వొద్దనే సెబుదామని కూకున్నాను, ఆ సిస్టరమ్మనే అడుగు. ఇప్పుడు కావాల. నువ్వేటి ఆపేది?"

"కామెర్లున్నప్పుడు కీమో ఎక్కిస్తే ప్రమాదమమ్మా."

"ఏటి కామెర్లు? ఇది మా కొట్లో పసుపు."

అంటూనే తల మీది చున్నీ లాగేసింది. దాంతో అరచేతులు బరబరా తుడిచి, చున్నీకి అంటిన పసుపు ఆయన ముందు పెట్టింది. కానీ ఆ చున్నీకేసి ఎవరూ చూడలేదు. నుదుటి నుంచి మెడ వెనక దాకా పులి. నల్లని చారలు, చెవుల వెనక బియ్యప్పిండి తెలుపు, నడినెత్తిన కుంకుమ. పులి మావ తన చేతిలో ఉన్న పనితనమంతా ఆ తల మీద పెట్టేశాడు. ఆమె కోపంతో రొప్పుతుంటే పులి కూడా ఊపిరి తీస్తోంది.

డాక్టరు ఆమె తలకేసి చూశాడు. పులి మావ మెల్లగా తువ్వాలు తీసేశాడు. రైతు తీశాడు. మాస్టారు కళ్ళు తెరవకుండానే దుప్పటి దించారు. ఆ అబ్బాయి స్టూలు మీద కూలబడి, ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఏడుస్తున్నాడనుకుని నేను దగ్గరికి వెళ్ళాను. నవ్వలేక చస్తున్నాడు. సరిగ్గా అప్పుడే సూపరింటెండెంట్ మేడమ్ మాస్కు మీద మాస్కు వేసుకుని పరిగెత్తుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. వార్డంతా కలయజూసి, చివరికి నన్ను ఒక్క మాట అడిగారు.

"నేను పంపిన కుందేలు బొమ్మల పుస్తకాలు ఏమయ్యాయి?"

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ముప్పై ఏళ్ళ పైబడిన సర్వీసులో రోగుల ముందు ఏడవడం అదే మొదలు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఎప్పటిలాగే పులి మావ మీద విరుచుకుపడ్డాను. కామెర్లని ఒప్పుకున్నావా, రంగని ఒక్క ముక్క చెబితే పోయేదానికి, నన్ను చూస్తే అంత భయమేమిటి అని అరిచాను.

"కామెర్లకైతే మందున్నాది సిస్టరమ్మా," అన్నాడు.

రక్తపరీక్షలు ఎలాగూ రాశారు కాబట్టి చేయించాం. అందరికీ బాగానే ఉన్నాయి. చేతులు కడిగించి, సూదులు సరిచూసి, డ్రిప్పులు మళ్ళీ మొదలుపెట్టాం. సావుకారమ్మకి సూది నేనే పెట్టాను. కుర్చీ గోడవైపు తిప్పుకోలేదు. మాస్టారు మూత మీద దరువేస్తే పులి మావ కూర్చున్నచోటే, డ్రిప్పు కదలకుండా, ఒట్టి భుజాలతోనూ కనుబొమలతోనూ పులి ఆట ఆడాడు. అడుగులు తప్పుతున్నాయని సావుకారమ్మ వెక్కిరించింది. కూర్చున్నవాడికి అడుగులేమిటని వాళ్ళిద్దరూ మందు అయ్యేదాకా పోట్లాడుకున్నారు. వార్డులో ఆ రోజు వాంతులు కాలేదని చెప్పను, అయ్యాయి. బేసిన్ పట్టుకున్నవాళ్ళు కూడా మధ్యలో నవ్వారు, అంతే.

మీరు వార్డులకి వెళ్ళాక ఇలాంటి పథకాలు పైనుంచి చాలా వస్తాయి. పెట్టెలు వస్తాయి. వద్దనకండి, మంచి మనసుతోనే పంపుతారు. కానీ రంగులు పంచేముందు ఎవరి చెయ్యి ఏ పని మీద ఆడుతుందో కాస్త అడిగి తెలుసుకోండి. తెలుసుకున్నాక, వీలైతే, కాసేపు ఫార్మసీ క్యూలో నిలబడండి. మన కళ్ళ ముందు జరగని మంచి కూడా కొంత ఉంటుంది. నాలాంటి నోరున్నవాళ్ళకి ఇది మరీ అవసరం.

సాయంత్రం మందు అయిపోయింది. చున్నీ మొత్తం పసుపు, కాటుక. ఆస్పత్రి దుప్పటి ఒకటి ఇస్తాను, కప్పుకుని వెళ్ళమన్నాను. సావుకారమ్మ చున్నీని ఖాళీ పసుపు పొట్లంతో సహా చెత్తబుట్టలో పడేసి, మళ్ళీ వచ్చినప్పుడు మీకు కొత్త పొట్లం తెస్తానంది. మళ్ళీ వచ్చినప్పుడు అన్న మాట నేను లోపలే రెండుసార్లు అనుకున్నాను.

వరండాలో బల్ల మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. ఏం విని ఉన్నాడో, ఏం వినలేదో తెలియదు. నిండు పులి తలతో తన ముందు నిలబడిన భార్యని చూసి లేచి నిలబడ్డాడు. అంత మందిలో, వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, ఆమె చేతిలో సంచి తీసుకున్నాడు. గుమ్మం ముందు ఆటోవాడు ఎక్కడికి బాబూ అన్నాడు. ఆయన ఆమెకేసి చూశాడు.

"ఇంటికెలిపోదుమా?"

"ఇంటికెందుకు?" అంది సావుకారమ్మ, ఆటో ఎక్కుతూ. "కొట్టుకి పోనీమను. సాయంకాలం బేరం ఎవులు సూస్తారు?"